గిర్నీ బోర్డు మీద ఫుట్‌బాల్ జోస్యం

అంబాదాస్ కనుబొమలు ఏ రంగులో ఉంటాయో మొన్నటిదాకా నాకు తెలియదు. నలభై ఏళ్లుగా అతనికి ఎదురుగానే కూర్చున్నాను, అయినా తెలియదు. నాందేడ్‌లో మా గల్లీలో అతనిది పిండి గిర్నీ, నాది దాని ఎదురుగా టైలరింగు దుకాణం. పొద్దున గిర్నీ తాళం తీసిన గంటలోపే అతని నెత్తి, మీసం, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లబడిపోతాయి. పెళ్లిళ్లకు తలంటుకొని వచ్చినా మెడ మడతల్లో కాస్త జొన్నపిండి మిగిలే ఉంటుంది. అతని భార్య సుమంగళ వదిన ఇప్పటికీ అంటుంది: "నన్ను జూసుకోనీకి అచ్చినప్పుడు గూడ గిట్లనే ఉండె. ముసలోనికి ఇస్తున్నరని మా అవ్వ ఒక్కటే ఏడుసుడు."

పిండి అతని వృత్తి. అతని జబ్బు వేరే ఉంది. దాని పేరు గోదావరి తరుణ్ మండల్.

పేరు చూసి మోసపోకండి. అది మా పేట ఫుట్‌బాల్ జట్టు. పసుపు చొక్కాలు, నల్ల నిక్కర్లు. ఆ చొక్కాలు కుట్టేది నేనే కాబట్టి నాకు తెలుసు, ఆటలో చిరగడం కన్నా ఓడిపోయి కోపంతో చింపుకోవడమే ఎక్కువ. జిల్లా లీగ్‌లో ఎనిమిది జట్లుంటాయి. మాది ఏడో స్థానంలో ఉంటే ఆ ఏడు పేటలో దూద్‌పేడాలు పంచుతారు. పద్నాలుగేళ్ల కింద ఒక్కసారి కప్పు గెలిచారు. ఆ ఫైనల్‌కు అవతలి జట్టు జీపు దారిలో చెడిపోయి ఏడుగురే చేరుకున్నారన్న సంగతి అంబాదాస్ ముందు ఎత్తకూడదు. ఎత్తితే మీ గోధుమలు ఆ వారం పిండి కావు.

అతను ఒక్కరోజు కూడా బంతి ఆడలేదు. పాదాలు చపాతీల్లా చదునుగా ఉంటాయి, నాలుగడుగులు ఉరికితే కూలబడతాడు. అందుకని జట్టులో అతను చేయగలిగిన పనొకటి పట్టుకున్నాడు. మ్యాచ్ రోజు పొద్దున మైదానం మీద గీతలు గీయడం అతని పని. పత్తి జిన్నింగు మిల్లు వెనక ఉన్న మా మైదానంలో మొదట అందరిలాగే సున్నంతోనే గీసేవాళ్లు. ఒకసారి గోలు కాసే మా గోలీ నిలేష్ బంతి కోసం దూకి ముఖం గీత మీద పడేసుకున్నాడు. కళ్లలో సున్నం పడి వారం రోజులు కట్టు కట్టుకొని తిరిగాడు. ఆ రోజు నుంచి అంబాదాస్ సున్నం ముట్టుకోలేదు. వారమంతా గిర్నీలో నేల ఊడ్చిన పిండిని ఒక గోతాంలో దాచి, దానితోనే గీతలు గీస్తాడు.

"మా గ్రౌండ్ల బోర్ల పడితె కండ్లు మండయి. ఆకలైతె నాకచ్చు గూడ" అని గొప్పలు పోతాడు.

నాకేవాళ్లు నిజంగానే ఉన్నారు. చీమలు, కుక్కలు, పేటలోని మేకలన్నీ. ఓసారి హాఫ్‌టైమ్‌లో ఒక పంది మధ్య వలయాన్ని సగం తినేసి పోయింది. అందుకే మ్యాచ్ మొదలయ్యేదాకా అంబాదాస్ కట్టె పట్టుకొని మైదానం చుట్టూ కాపలా తిరుగుతాడు. జిల్లాలో ఇంకే జట్టుకూ ఈ కర్మ లేదు. సున్నం వాడండయ్యా అని లీగ్ వాళ్లు రెండుసార్లు కాగితం పంపారు. రెండు కాగితాలూ అతను సంచుల మూతులు మూయడానికి వాడుకున్నాడు.

ఇక బోర్డు సంగతి. గిర్నీ గోడకు ఒక నల్ల బోర్డు ఉంది. మామూలు రోజుల్లో దాని మీద మరాఠీలో, 'మిరపకాయలు పట్టబడవు, డబ్బా మీద పేరు రాయండి, ఊరికే గొడవ పెట్టుకోవద్దు' అని ఉంటుంది. ఏడాదిలో ఒక్కరోజు, దసరా ముందటి ఖండేనవమి నాడు, దాన్ని తుడుస్తాడు. ఆ రోజు మేమంతా పనిముట్లకు పూజ చేస్తాం. నేను నా మిషన్‌కూ కత్తెరకూ పసుపు కుంకుమ పెడతాను. అంబాదాస్ గిర్నీ రాళ్లకు పెడతాడు, పక్కనే పీట వేసి దాని మీద జట్టు ఫుట్‌బాల్‌ను కూర్చోబెట్టి దానికీ పెడతాడు. బంతికి బంతిపూల దండ. హారతి అయ్యాక సుద్ద తీసుకొని రాబోయే సీజన్ జోస్యం రాస్తాడు. ఇరవై మూడేళ్లుగా ఒకటే జోస్యం: 'ఈ ఏడు కప్పు మనదే.'

ఇరవై మూడింట్లో ఒకటి ఫలించింది, అదీ జీపు పుణ్యాన. అయినా అతనికి సిగ్గు లేదు. ఓడిన ప్రతిసారీ కారణం సిద్ధంగా ఉంటుంది. ఎండ ఎదురుగా కొట్టింది, బంతిలో గాలి ఎక్కువైంది, రెఫరీ బామ్మర్ది అవతలి ఊరివాడు. వింటూ విసిగిపోయి నేను మిషన్ తొక్కుతూనే కేకేసేవాడిని: "అంబ్యా, మనోళ్లకు ఆడ రాదు. గది గూడ ఒక కారణమే!"

"నువ్ నోరు మూసుకొని గుండీలు కుట్టు బాబ్యా" అనేవాడు. నా పేరు బాబురావు. బాబ్యా అని పిలిచే హక్కు అతనికొక్కడికే ఉంది, చిన్నప్పటి నుంచి.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, పోయిన సీజన్‌లో అతని కొడుకు మయూర్ గోల్‌లో నిలబడేదాకా.

మయూర్‌కు ఇరవై మూడేళ్లు. మొబైళ్లు బాగుచేసే దుకాణంలో పని. మంచి చేతులు, పొడుగు, ధైర్యం, అన్నీ ఉన్నాయి. ముందున్న పదిమందిలో ఆట ఉంటే గొప్ప గోలీయే. కానీ జనవరిలో ఆఖరి మ్యాచ్ భోకర్ వాళ్లతో పడింది. తొమ్మిది గోల్స్ ఇచ్చాడు. తొమ్మిది! ఐదో గోల్ తర్వాత మా జనం లెక్కపెట్టడం మానేశారు, భోకర్ వాళ్లే దయతలచి లెక్కపెట్టారు.

మరునాడు మయూర్ గిర్నీకి వచ్చి లోపల గోనెసంచుల దగ్గర కూర్చున్నాడు. బయట అంబాదాస్ వచ్చిన ప్రతి ఆడమనిషికీ, డబ్బా దించిన ప్రతి మగవాడికీ అదే కథ చెబుతున్నాడు. "ఎండ సక్కగ పోరని కండ్లల్లనే కొట్టింది. లేకుంటె ఒక్కటి గూడ పోకపోతుండె." పదిసార్లు విన్నాడు. పదకొండోసారి మయూర్ బయటికి వచ్చాడు.

"బాపూ, ఎండ కాదు. తొమ్మిది నేనే ఇడిసిన."

"ఎండనే రా."

"మొగులు ఉండె బాపూ ఆ దినం! ఎండ ఏడికెల్లి అచ్చింది?"

"నీకు తెల్వది, ఎండనే" అన్నాడు అంబాదాస్, మళ్లీ డబ్బా వైపు తిరిగి. గిర్నీలో ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరిని చూసి నవ్వారో ఎవరికి తెలుసు? మయూర్ మాత్రం తనను చూసే అనుకున్నాడు. ఒక్కసారి, 'అవును బిడ్డా, తొమ్మిది ఇడిసినవ్, ఏం గాదు తియ్యి' అని ఉంటే సరిపోయేది. ఆ మొండి మనిషికి ఆ మాట నోట రాలేదు.

ఆ రోజు నుంచి కొడుకు తండ్రితో మాట్లాడటం మానేశాడు. ఒకే ఇల్లు, ఒకే వంట. "అవ్వా, జర ఆయినెను అడుగు, నా చార్జర్ తీసిండా" అంటాడు కొడుకు. "ఆనికి చెప్పు, నేను తియ్యలే" అంటాడు తండ్రి. మధ్యలో సుమంగళ వదిన. ఒకరోజు ఆమె నా దుకాణంలోకి వచ్చి ముక్కు చీదుతూ కూర్చుంది. "బాబురావన్నా, ఈ ఇద్దరి నడుమల నేను టెలిఫోన్ ఆఫీస్ లెక్క అయిన. ఒక్కడన్న సచ్చిపోతె తప్ప మాట్లాడెటట్టు లేరు." ఆ మాట అన్నందుకు తనే చెంపలు వేసుకుంది. గిర్నీ గడప మాత్రం మయూర్ తొక్కలేదు, మైదానం వైపు అసలే పోలేదు.

ఎండాకాలంలో జట్టు మొత్తం విచ్చిపోయింది. ఇద్దరు పోలీసు భర్తీకి ఎంపికయ్యారు, ఒకడు పుణేలో ఉద్యోగానికి పోయాడు, నలుగురిని భోకర్ జట్టు లాక్కుంది. తొమ్మిది కొట్టినవాళ్లే మా నలుగురిని తీసుకోవడమేమిటని నేను ఆశ్చర్యపోయాను. జాలిపడి ఉంటారు. మిగిలినవాళ్లు నలుగురు, అందులో ఒకడికి మోకాలు లేవదు.

"జట్టును మల్ల కొత్తగ కడ్తున్నం" అని అంబాదాస్ గల్లీ అంతా చెప్పుకున్నాడు. కడుతున్నారట! ఇటుక లేదు, ఇసుక లేదు, మేస్త్రీ మాత్రం వచ్చింది. ఆమె పేరు సారిక. కర్ఖేలి పిల్ల, అక్కడి బడిలో పీటీ టీచరు, జీతం లేకుండా కోచ్‌గా ఉంటానంది. వస్తూ వస్తూ తన ఊరి నుంచి ఆరుగురు కుర్రాళ్లను వెంట తెచ్చింది. ఒక్కొక్కడు దుక్కిటెద్దులా ఉన్నాడు. చూసి అంబాదాస్ మురిసిపోయాడు. నేను వాళ్ల ఛాతీలు కొలిచి తలపట్టుకున్నాను, ఎందుకంటే పాత చొక్కాలు ఒక్కటీ పట్టలేదు. తీరా చూస్తే వాళ్లు ఫుట్‌బాల్ ఆటగాళ్లు కారు, ఆరుగురూ కబడ్డీ ఆటగాళ్లే.

ఉరుకుతారు, ఊపిరి ఉంది, భయం లేదు. అన్నీ బాగే, కానీ ఎదుటివాడు దగ్గరికి వస్తే చాలు, చేతులు వాటంతటవే పోయి కాలు పట్టుకుంటాయి. వాళ్లలో కైలాస్ అని ఒకడున్నాడు, వాడు పట్టుకుంటే విడిపించుకోవడానికి ముగ్గురు కావాలి. సారిక ఆలోచించి ఆలోచించి ఆరుగురికీ రెండు పిడికిళ్లలో రెండు నిమ్మకాయలు పెట్టి ఆడించింది. కాయ పిండితే మైదానం చుట్టూ ఐదు రౌండ్లు. మొదటి వారం సాయంత్రాలు మైదానమంతా షర్బత్ వాసన కొట్టింది. నెలకల్లా ఐదుగురు కుదురుకున్నారు. కైలాస్ మాత్రం రోజూ అరడజను కాయలు పిండుతూనే ఉన్నాడు.

అంతా చేసి చూస్తే గోలీ లేడు.

ఖండేనవమికి రెండు రోజుల ముందు సారిక గిర్నీకి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను, మా ఇంటి జొన్నలు పట్టిస్తున్నాను.

"కాకా, ఒక మాట చెప్త. కోపానికి రావద్దు" అంది. "మయూర్ తోని మాట్లాడిన. గోల్ల నిలబడ్త అన్నడు."

అంబాదాస్ చేతిలోని డబ్బా అక్కడే ఆగిపోయింది.

"కాని ఒక షరతు పెట్టిండు. మీరు బోర్డు మీద కప్పు మనదే అని రాయొద్దట. రాస్తె రాడట."

డబ్బా ఠప్పున కింద పెట్టాడు. పిండి లేచి ముగ్గురి మీదా పడింది. "ఇరవై మూడేండ్ల సంది రాస్తున్న! ఆడెవడు నాకు చెప్పనీకి?"

"మీ కొడుకు కాకా."

"అదే కదా నేననేది! దేవుని ముంగట నిలబడి ఓడిపోతం అని రాయాల్నా? నిజం రాస్తె చూడనీకి ఎవడస్తడు?"

"ఇప్పుడు మాత్రం ఎవడస్తుండు?" అన్నాను నేను.

"నువ్ నీ జొన్నలు తీస్కొని పో!"

సారిక భయపడలేదు. బడిలో అరవైమంది పిల్లలను నిలబెట్టే మనిషి, గిర్నీవాడికి జంకుతుందా? "కాకా, మీరు కప్పు అని రాస్తరు. ఓడితె ఎండ అంటరు, గాలి అంటరు. మరి ఆడినోడు ఏమనుకోవాలె? నేను ఇడిసిన గోల్ గూడ మా బాపుకు కనవడలే అనుకుంటడు" అని చెప్పి వెళ్లిపోయింది. అంబాదాస్ పరధ్యానంగా మళ్లీ గిర్నీ తిప్పాడు. నా జొన్నలు రెండుసార్లు పట్టేశాడు. ఆ వారం రొట్టెలు మెత్తగా వచ్చాయని మా ఇంట్లో సంబరపడ్డారు.

ఖండేనవమి నాడు గల్లీ గల్లీ గిర్నీ ముందు చేరింది. అందరికీ సంగతి తెలిసిపోయింది, మా పేటలో సంగతులకు కాళ్లెక్కువ. రాళ్లకు కుంకుమ, బంతికి దండ, హారతి, అన్నీ అయ్యాయి. అంబాదాస్ బోర్డు తుడిచి సుద్ద తీసుకున్నాడు. గల్లీ చివర ఒక మోటర్‌సైకిల్ మీద మయూర్ కూర్చొని ఉన్నాడు, గిర్నీ వైపు చూడనట్టు నటిస్తూ.

'ఈ ఏడు' అని రాశాడు. ఆగాడు. చేతికి అలవాటైన మాట సుద్ద కొసకు వచ్చి నిలబడింది. కప్పు అన్న మాటలో మొదటి అక్షరానికి గీత పెట్టాడు, బొటనవేలితో తుడిచాడు, మళ్లీ పెట్టబోయాడు, సుద్ద కిందపడేసి గిర్నీ లోపలికి పోయాడు.

అంతే. 'ఈ ఏడు.' రెండు వారాలకు పైగా బోర్డు మీద ఆ రెండు మాటలే ఉన్నాయి. ఈ ఏడు ఏంటిదని అడగనివాడు పాపాత్ముడు. పిండికి వచ్చిన వాళ్లంతా పూరించారు. ఈ ఏడు చింతపండే, ఈ ఏడు పదకొండు గోల్సు, ఈ ఏడు గిర్నీ మూత. అంబాదాస్ అన్నీ విన్నాడు, ఒక్కడికీ జవాబివ్వలేదు. అతను నోరు మూసుకొని ఉండటం నేను అప్పుడే మొదటిసారి చూశాను, నాకది ఏమాత్రం నచ్చలేదు. మయూర్ మాత్రం ఖండేనవమి సాయంత్రమే మైదానానికి వెళ్లాడు. తండ్రితో మాట మాత్రం లేదు.

మొదటి మ్యాచ్ దీపావళి ముందటి ఆదివారం, బిలోలి వాళ్లతో, మా మైదానంలోనే. ఇక్కడే మా వాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ చేయని తప్పొకటి జరిగింది. దీపావళి ముందు గిర్నీలో జొన్నలు గోధుమలు తక్కువ, చక్లీల కోసం, అంటే జంతికల కోసం, వేయించి తెచ్చే పప్పులూ బియ్యమూ ఎక్కువ. ధనియాలు, జీలకర్ర వేసి వేయించిన ఆ భాజణీ పిండి వాసనకు గల్లీ మొత్తం నోరూరుతుంది. ఆ వారం నేల ఊడిస్తే వచ్చింది ఆ పిండే. దానితోనే అంబాదాస్ మైదానమంతా గీశాడు. పొద్దున తాడు ఒక కొస నేను పట్టుకున్నాను. అతని తాడుకు కొలత ప్రకారం ముడులుంటాయి, పెనాల్టీ డబ్బా గీతకు మూడో ముడి. గోలు గీత దగ్గర ఒకడు కొస పట్టుకుంటే ముడి ఎక్కడికి వస్తే అక్కడ గీత.

గీయడం అవగానే సుమంగళ వదిన ఫోను. పండుగ రద్దీలో గిర్నీ బెల్టు ఊడిపోయింది, ముప్పైమంది డబ్బాలతో నిలబడి ఉన్నారు. "బాబ్యా, కట్టె వట్టు, గంటల అస్త" అని నాకు కాపలా అప్పజెప్పి పోయాడు. నేను కైలాస్ చొక్కా భుజం దగ్గర కుట్టు విప్పి మళ్లీ వేస్తూ కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కించడానికి తల వంచాను. తల ఎత్తేసరికి తూర్పు వైపు పెనాల్టీ డబ్బాలో పదిహేను మేకలు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను, ఇక అడగకండి. తరిమేలోపు ముందు గీత మొత్తం నాకేశాయి, నేల కడిగినట్టు శుభ్రం.

మళ్లీ గీయడానికి పిండి లేదు. అంబాదాస్ చెమటలు కక్కుతూ వచ్చేసరికి రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకొని ఉన్నాడు. ధర్మాబాద్ వైపు నుంచి వచ్చిన మాస్టారు ఆయన, చాలా నిక్కచ్చి మనిషి. చివరికి డబ్బా రెండు మూలలకూ గుర్తుగా నా చెప్పులు పెట్టి ఆట మొదలుపెట్టారు.

ఏం చెప్పను, మా వాళ్లు ఆడారు! కబడ్డీ కుర్రాళ్లు అడ్డం పడ్డారు, మోకాలు లేవనివాడు కూడా రెండుసార్లు లేపాడు. మయూర్ నాలుగు బంతులు ఆపాడు, అందులో ఒకటి పైకి ఎగిరి వేలికొసలతో. మొదటి సగం సున్నా సున్నా. రెండో సగంలో మేం తూర్పు గోలు వైపుకు మారాం. అరవై నిమిషాలకు సున్నా సున్నా. ఎనభై నిమిషాలకు కూడా సున్నా సున్నా. రెండేళ్లుగా గోలు తినకుండా మేం పావుగంట కూడా ఉన్నది లేదు. కూర్చోలేక లేచి నిలబడ్డాను, నవ్వకండి.

ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా బిలోలి కుర్రాడు బంతి తీసుకొని దూసుకొచ్చాడు. కైలాస్‌ను దాటాడు. దాటిపోతున్న కాలు చూస్తే కైలాస్ చేతులు ఊరుకుంటాయా? నేల మీద పడి రెండు చేతులతో మడమ పట్టుకున్నాడు. పట్టుకొని వదల్లేదు కూడా, రెఫరీ వచ్చి విడిపించాడు. ఫౌలే, దానికి గొడవ లేదు. పెనాల్టీ డబ్బా లోపలా, బయటా? గీత మేకల కడుపులో ఉంది. చెప్పులు ఎవరి తన్నుకో ఎటో పోయాయి. లైను దగ్గర జెండా పట్టుకున్నవాడు తనకు కనబడలేదన్నాడు.

రెండు జట్లూ అరుచుకుంటున్నాయి. రెఫరీ చేయెత్తి ఆపి, "గీత గీసింది ఎవరు?" అని అడిగాడు.

అందరూ అంబాదాస్ వైపు చూశారు. "తాడు తెండి" అన్నాడు రెఫరీ.

తాడు ఒక కొస గోలు గీత మీద పట్టాలి. ఆ గీత మీద అప్పుడు ఉన్నది ఒక్కడే. మయూర్ వంగి కొస పట్టుకొని నేలకు ఆనించాడు. రెండో వైపు మూడో ముడి పట్టుకొని అంబాదాస్ వెనక్కి నడిచాడు, కైలాస్ పడి లేచిన చోటికి. దుమ్ములో వాడి మోకాళ్ల గుర్తులు చక్కగా ఉన్నాయి. తండ్రీ కొడుకులు తొమ్మిది నెలల తర్వాత ఒకే తాడుకు చెరో కొసన ఉన్నారు.

నేను పక్కనే ఉన్నాను, చూశాను. అంబాదాస్ తాడు పూర్తిగా బిగించలేదు. మధ్యలో కాస్త కిందికి వేలాడింది. ముడి కైలాస్ గుర్తులకు ఇవతలే ఆగింది, గోలు వైపు. అంటే ఫౌలు బయట. అంటే పెనాల్టీ లేదు, మ్యాచ్ మాది కాకపోయినా ఓటమి కాదు. కావాలని వదిలాడో, ఇరవై మూడేళ్ల ఆశ చేతిని వదులు చేసిందో నాకు తెలియదు. రెఫరీ గుర్తుల వైపు చూస్తున్నాడు, తాడు వైపు కాదు.

అప్పుడు గోలు దగ్గర నుంచి గొంతు వినబడింది.

"బాపూ, తాడు ఢీలా ఉన్నది. గుంజి వట్టు."

అంబాదాస్ తలెత్తాడు. కొడుకు అతన్నే చూస్తున్నాడు. అంత దూరం నుంచి వచ్చిన ఆ బాపూ అన్న మాట అతని ముఖం మీద పడటం నాకు కనబడింది. పళ్లు బిగబట్టి తాడు గుంజాడు, అటు మయూర్ ముందుకు తూలేంత గట్టిగా. ముడి కైలాస్ మోకాళ్ల గుర్తులు దాటి జానెడు అవతల ఆగింది.

"లోపలనే సార్" అన్నాడు అంబాదాస్. "జానెడు లోపల."

మా జనం నుంచి బూతులు మొదలయ్యాయి. స్వప్నిల్ అని, వారం వారం వచ్చి మా వాళ్లనే తిట్టే ఒక శాల్తీ ఉన్నాడు. వాడు, "కాకా, జర లూజు ఇడిస్తె నీ గిర్నీ కూలిపోతుండెనా?" అని అరిచాడు. అంబాదాస్ తాడు చుట్ట చుట్టుకుంటూ గీత అవతలికి వచ్చి నిలబడ్డాడు.

పెనాల్టీ. మయూర్ ఎడమకు దూకాడు, బంతీ ఎడమకే వచ్చింది, వేలి మీదుగా పోయి వలలో పడింది. ఓడిపోయాం, సున్నా ఒకటి. భాజణీ పిండిలో పడి లేచిన మయూర్ ఒంటి మీద జీలకర్ర వాసన, తండ్రిలాగే తెల్లటి ముఖం. అందరం ఇళ్లకు పోయాం.

సోమవారం పొద్దున నేను దుకాణం తీసేసరికి గిర్నీ ముందు ఆడవాళ్లు డబ్బాలతో వరుసలో ఉన్నారు. అంబాదాస్ రాళ్లు తిప్పడం మానేసి బోర్డు దగ్గర ఉన్నాడు. 'ఈ ఏడు' కింద రాస్తున్నాడు. నేను దాటి వచ్చి చదివాను. మరాఠీలో ఉంది, మీకు తెలుగులో చెబుతాను.

'మొదటి మ్యాచ్ ఓడిపోయాం. ఒక గోలు. ఎండ లేదు. గాలి లేదు. రెఫరీ మంచివాడు. గోలీ కుడికి దూకాడు.'

"ఎడమకు" అని వెనక నుంచి గొంతు.

మయూర్. గిర్నీ గడప మీద. వరుసలో ఉన్న ఆడవాళ్లు సందు ఇచ్చారు. సుమంగళ వదిన జల్లెడ పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

"ఎడమకే దూకిన బాపూ. చెయ్యి పొట్టిగైంది."

అంబాదాస్ కుడి అన్నది తుడిచి ఎడమ అని రాశాడు. కొడుకు వైపు చూడకుండానే, సుద్దను చూస్తూ అన్నాడు: "తొమ్మిది గూడ నువ్వే ఇడిసినవ్. మొగులుండె."

"అవ్" అన్నాడు మయూర్.

"ఏం గాదు తియ్యి."

ఆ మాట అనడానికి అతనికి తొమ్మిది నెలలు పట్టింది. తర్వాత ఇంకో వరుస రాశాడు: 'వచ్చే ఆదివారం భోకర్‌తో. ఓడతాం. నాలుగు గోల్స్.'

మయూర్ దగ్గరికి వచ్చి ఆ నాలుగు అన్న అంకెను బొటనవేలితో తుడిచాడు. తండ్రి చేతిలో సుద్ద తీసుకొని అక్కడ రెండు వేశాడు.

"రెండా?" అన్నాడు అంబాదాస్. "నిన్న ఒక్కటే అయింది గద రా. ఒక్కటని ఎయ్యి."

"ఒక్కటని ఏస్తె నేను గూడ నీ లెక్కనే అయిత బాపూ."

వరుసలో ముందున్న ముసలమ్మ పగలబడి నవ్వింది, తర్వాత అందరూ. అంబాదాస్ కూడా నవ్వబోయాడు, అది సగంలో ఇంకేదో అయింది. భుజం మీది తువ్వాలు తీసి ముఖమంతా గట్టిగా రుద్దుకున్నాడు. నలభై ఏళ్ల తర్వాత అతని కనుబొమలు చూశాను. ఇంకా నల్లగానే ఉన్నాయి.